పెరట్లో చేపల కొలను: సిమెంటు తొట్టా, లైనర్ గుంటా, వరలా?

పెరట్లో చిన్న కొలను పెట్టుకుందామనుకునే వాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. సిమెంటుతో కట్టించమంటారా, గుంటలో లైనర్ (నీరు ఇంకకుండా వేసే ప్లాస్టిక్ పట్టా) పరిచి సరిపెట్టమంటారా? నేను వెంటనే జవాబు చెప్పను. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు మీ పెరట్లో నీడ ఎక్కడ పడుతుంది? మీ బోరు నీళ్లతో పప్పు ఉడుకుతుందా? రాత్రిపూట కరెంటు పోతే ఎంతసేపు పోతుంది? ఇవి ఎదురు అడుగుతాను. అడిగినవాళ్లకు నేను తప్పించుకుంటున్నట్టు అనిపిస్తుంది. కానీ తొట్టి దేనితో కట్టారో చేపకు పట్టదు. నీళ్లు ఎంత వేడెక్కాయి, వాటిలో ఏమి కలిసి ఉంది, తెల్లవారుజామున ఊపిరి అందుతుందా లేదా, దాని బతుకంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది.

నాకు తెలిసింది మూడు పెరళ్లు. మాది నెల్లూరు శివారు. ఇసుక కలిసిన నేల, కుళాయి నీళ్లు వస్తాయి, బోరు కూడా ఉంది. మా అక్క వాళ్లది పొదిలి వైపు పల్లె. నల్లరేగడి నేల, గుక్కెడు తాగితే నాలుక మందమయ్యే బోరు నీళ్లు. మా పిన్ని వాళ్లది ఇందుకూరుపేట మండలంలో సముద్రం పక్క ఊరు. తవ్వితే ఇసుక, రెండు గజాలు దిగితే ఉప్పు నీరు, చుట్టూ రొయ్యల గుంటలు. మూడు ఇళ్లలోనూ ఇప్పుడు కొలనులున్నాయి, మూడూ మూడు రకాలు. మా ఇంట్లో బాగుందని అక్క అలాగే చేయబోయి చేతులు కాల్చుకుంది. ఆమెను చూసి పిన్ని ఇంకోలా చేసింది. అందుకే నేను చెప్పేదంతా 'మీ నేల అలాంటిదైతే', 'మీ నీళ్లు ఇలాంటివైతే' అనే షరతులతోనే ఉంటుంది.

ముందు చోటు, తర్వాతే గునపం

మన ఎండల గురించి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో నెల్లూరైనా ఒంగోలైనా 40 డిగ్రీలు దాటడం మామూలే. అడుగు లోతున్న తొట్టిని ఎండలో పెడితే సాయంత్రానికి ఆ నీళ్లు స్నానానికి కాచినట్టుంటాయి. నీరు వేడెక్కేకొద్దీ అది పట్టి ఉంచుకోగల ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు పట్టే నీరు 35 డిగ్రీల దగ్గర 7 కూడా పట్టదు. సరిగ్గా అదే వేడిలో చేప ఒంట్లో వేగం పెరిగి దానికి ఊపిరి మరింత అవసరమవుతుంది. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగిన సంసారం లాంటిది.

పడమటి గోడ వారన ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మధ్యాహ్నపు ఎండ ఒక దెబ్బ, పొద్దు గూకాక కూడా గోడ వదిలే వేడి ఇంకో దెబ్బ. చెట్టు కింద పెడితే చల్లగా ఉంటుందనుకుంటాం. వేపచెట్టు వేసవికి ముందు ఆకంతా రాలుస్తుంది. ఆ ఆకు అడుగున కుళ్లుతూ చేపకు దక్కాల్సిన ఊపిరిని అది తీసుకుంటుంది. మునగ ఇంకా దారుణం, దాని ఆకులు ఎంత సన్నని వలలోంచైనా జారిపోతాయి. ఇక గొంగళి పురుగుల కాలంలో అటు పోవడమే కష్టం. ఇంటికి తూర్పున ఖాళీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పొద్దున నాలుగైదు గంటలు ఎండ తగులుతుంది కాబట్టి కలువ పూస్తుంది. మధ్యాహ్నం నుంచి ఇల్లే నీడ పడుతుంది. అలాంటి చోటు లేకపోతే సగం ఎండను ఆపే ఆకుపచ్చ నీడవలను నాలుగు గుంజలకు కట్టండి. చూడటానికి నర్సరీలా ఉంటుందని మా ఇంట్లో గొణిగారు. రెండో వేసవికి అలవాటుపడ్డారు.

లోతు విషయంలో నేను బేరాలాడను. రెండు అడుగులకు తక్కువ వద్దు, రెండున్నర ఉంటే మంచిది. లోతున నీళ్లు పైనున్నంత త్వరగా కాగవు, కొంగ కాళ్లకూ అందవు. ఇంట్లో నడక నేర్చే పిల్లలుంటే మాత్రం పైన ఇనుప జాలీ బిగించకుండా నీళ్లు నింపకండి. చిన్నపిల్లలకు అడుగు లోతు నీళ్లు కూడా ప్రమాదమే.

ఇక తొట్టి మాట

సిమెంటు తొట్టిదే అన్నిటికంటే ఎక్కువ ఖర్చు, సరిగా కడితే అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండేదీ అదే. 'సరిగా కడితే' అన్నచోటే మా బావ చిక్కుకున్నాడు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు అరచేయి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద అడుగున కంకర దిమ్మిస వేయకుండా, ఇనుప కడ్డీలు కట్టకుండా ఇటుక గోడలు లేపితే నేల కదిలినప్పుడల్లా తొట్టి కూడా కదులుతుంది. రెండో వేసవికే మూలన సన్నని పగులు వచ్చింది. మేస్త్రి వచ్చి పూత పూశాడు, పగులు పక్కకు జరిగింది. మళ్లీ పూశాడు, అది ఇంకో మూలకు పోయింది. చివరికి బావ విసిగిపోయి ఆ తొట్టి లోపలే లైనర్ పరిచాడు. ఇప్పుడు చుక్క కారడం లేదు. నన్నడిగితే నల్లరేగడి ఉన్నవాళ్లు ఆ రెండు ఖర్చులూ పెట్టకుండా మొదటే లైనర్ దగ్గరికి వెళ్లడం మేలు. ఎర్రగరుసు నేల గట్టిగా ఉన్నచోట మాత్రం సిమెంటు నిశ్చింతగా కట్టుకోవచ్చు.

కొత్త సిమెంటులో నీళ్లు పోసి సాయంత్రానికి చేపలు వదిలేవాళ్లను నేను చూశాను. పొద్దుటికి అన్నీ తేలాయి. కొత్త సిమెంటు సున్నాన్ని వదులుతూనే ఉంటుంది, నీటి పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత) అమాంతం పైకెక్కుతుంది. గోడలు బాగా ఆరాక నీళ్లు నింపి నాలుగైదు రోజులు ఉంచి పారబోయాలి. ఇలా కనీసం నాలుగు సార్లు చేయాలి. మధ్యలో ఒకసారి అరటి బోదెను ముక్కలు కోసి నీళ్లలో వారం నాననివ్వడం చాలామంది పాటించే పద్ధతి, మేమూ చేశాం. కంపు భరించాలి. మొత్తం మీద మూడు నాలుగు వారాలు పడుతుంది. పీహెచ్ 8.5కు లోపల నిలబడిందని చూసుకున్నాకే చేపల మాట. ఆ పరీక్ష సామాను కోసం మనం ఎక్కడికో పోనక్కర్లేదు. రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణాల్లో పీహెచ్, అమ్మోనియా కొలిచే కిట్లు దొరుకుతాయి. అలాంటి దుకాణం లేని ఊరు మన తీరాన తక్కువే.

లైనర్ అంటే రొయ్యల గుంటల్లో పరిచే నల్లటి హెచ్‌డీపీఈ పట్టా. దాని బదులు ధాన్యం మీద కప్పే నీలం బరకం పరిస్తే చవకేగా అంటారు. చవకే. మన ఎండకు అది ఒకటి రెండు వేసవుల్లో పొడిపొడిగా రాలిపోతుంది, అప్పటికి అందులో చేపలు, మొక్కలు, మీ ఏడాది శ్రమ అన్నీ ఉంటాయి. 500 మైక్రాన్ల, అంటే అర మిల్లీమీటరు మందం ఉన్నది తీసుకోండి. కొలత తేలిక. గుంట పొడవుకు లోతును రెండింతలు చేసి కలపండి, అంచుల మడతకు ఇంకో రెండు అడుగులు కలపండి. వెడల్పుకూ అంతే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతున్న గుంటకు 13 అడుగులు, 11 అడుగుల పట్టా కావాలి. ఆ గుంటలో పట్టేది 60 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,700 లీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చేపలు ఎన్ని అన్న లెక్క దగ్గర మళ్లీ పనికొస్తుంది.

లైనర్‌కు ఇద్దరు శత్రువులు. ఒకటి పందికొక్కు. మా గుంటలో నీటిమట్టం రోజుకు రెండు వేళ్లు దిగిపోతుంటే ఎండకు ఇంకుతోందనుకున్నాం. తీసి చూస్తే కిందినుంచి కొరికిన రంధ్రం, లోపల దర్జాగా ఒక బొరియ. ఇప్పుడు పట్టా కింద సన్నని ఇనుప జాలీ, దాని మీద రెండంగుళాల ఇసుక, ఆపైన పాత గోనెసంచులు ఉన్నాయి. రెండో శత్రువు నేలలోని నీరు, ఇది పిన్ని వాళ్ల అనుభవం. కార్తీక మాసం వానలకు భూమిలో నీరు పైకి వచ్చి పట్టాను కిందినుంచి పొంగించింది. కొలను మధ్యలో నల్లటి ఏనుగు వీపు తేలినట్టు కనిపించిందట. నీటిమట్టం అంత పైన ఉండే ఊళ్లలో గుంట తవ్వడమే తప్పు. నేల మీదే కట్టుకోవాలి.

అలా నేల మీద కట్టుకోవడానికి నాకు నచ్చినవి సిమెంటు వరలు. బావులకు, మరుగుదొడ్డి గుంతలకు దించే ఆ ఉంగరాలే. నాలుగు అడుగుల వ్యాసం, అడుగు ఎత్తు ఉన్నవి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, అడుగున కాంక్రీటు పోసి, సందులు పూడిస్తే 700 లీటర్ల కొలను తయారు. ఎద్దుబండి పోయే దారి ఉన్న ఊరికల్లా వరలు వస్తాయి. ఖర్చు తక్కువ, పందికొక్కు పళ్లకు లొంగదు. సిమెంటే కాబట్టి సున్నం వదిలించే పని మాత్రం తప్పదు. అంతా నేల పైన ఉండటం వల్ల చుట్టూ ఎండ తగిలి త్వరగా వేడెక్కుతుంది. అందుకు పిన్ని వర చుట్టూ మట్టి ఎగదోసి మల్లె పాదులు పెట్టింది. మొదటిసారి పెట్టుకునేవాళ్లకు, పెరడు చిన్నదైనవాళ్లకు నా సలహా వరలే.

ప్లాస్టిక్ ట్యాంకును సగానికి కోసి వాడటం డాబా మీద కలువ పెంచుకోవడానికి సరిపోతుంది. నలుపు రంగుదైతే చేపలకు వద్దు. బంకమట్టి నేల ఉండి, స్థలం కావలసినంత ఉన్నవాళ్లకు వట్టి మట్టిగుంటను మించింది లేదు, కాని అలాంటివాళ్లు ఇది చదవనక్కర్లేదు. వాళ్ల తాతల నాటి కుంట ఎక్కడో పూడిపోయి ఉంటుంది, దాన్ని తీయించుకుంటే చాలు.

అంచులకు రాళ్లు పెట్టేవాళ్లకు ఒక మాట. చీమకుర్తి క్వారీల వైపు గ్రానైటు తుంపులు, మార్కాపురం పలకరాయి నీటిలో ఏమీ కలపవు, నిశ్చింతగా వాడండి. కడప బండ సున్నపురాయి జాతి, ఇప్పటికే కఠినంగా (సున్నపు లవణాలు ఎక్కువగా) ఉన్న నీటికి అది ఇంకాస్త కఠినత్వం చేరుస్తుంది. కుళాయి నీళ్ల ఇళ్లలో దాని వల్ల బాధ లేదు.

నీటిని బట్టి చేప

ఎక్కువమంది ముందు చేపను ఎంచుకుని తర్వాత నీటితో కుస్తీ పడతారు. దుకాణంలో గాజు తొట్టిలో ఎర్రగా మెరిసే కోయి కార్పులు కనిపిస్తాయి, మనసు పోతుంది. కోయి రెండడుగుల దాకా పెరిగే చేప. దానికి వేల లీటర్ల నీరు, ఆగకుండా తిరిగే ఫిల్టరు కావాలి. 1,700 లీటర్ల గుంటలో నాలుగు కోయిలను వేయడమంటే ఒక్క గదిలో నాలుగు ఎద్దులను కట్టడమే. గోల్డ్ ఫిష్ కొంత నయం, చేపకు వంద లీటర్ల చొప్పున లెక్కేసుకుంటే బతుకుతాయి. కాని అది చల్లని నీటి చేప, మన మే నెలంతా దిగాలుగా ఉంటుంది. పైగా తిన్నదాంట్లో సగం నీళ్లలోనే కలుపుతుంది.

అక్క వాళ్ల బోరు నీళ్లలో పప్పు ఉడకదు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఫ్లోరైడు, కఠినత్వం గురించి వినని ఇల్లు లేదు. చేపల కోసం ఆమె మొదట క్యాన్ల నీళ్లు కొని పోయడం మొదలుపెట్టింది. శుద్ధిచేసిన ఆ నీటిలో చేపకు కావలసిన లవణాలు చాలావరకు ఉండవు, మనకు డబ్బు దండగ. గప్పీలు, మోలీలు పుట్టుకతోనే కఠిన జలాలు ఇష్టపడే చేపలు. ఆమె బోరు నీళ్లలో అవి మా నెల్లూరు ఇంట్లో కంటే హుషారుగా ఉన్నాయి. ఆరు గప్పీలు వదిలితే ఆరు నెలలకు లెక్కపెట్టలేకపోయింది. అయితే కఠిన జలంతో ఒక మెలిక ఉంది. వేసవిలో కొలను వారానికి రెండు మూడు అంగుళాలు ఇగిరిపోతుంది, ఇగిరేది ఒట్టి నీరే. లవణమంతా వెనకే మిగులుతుంది. తగ్గినంత బోరు నీళ్లు పోస్తూ పోతే పప్పు పులుసును మరిగించి మరిగించి ఉప్పు చేసినట్టే. తగ్గినది నింపడం వేరు, నీరు మార్చడం వేరు. వారానికోసారి పదో వంతు, అయిదో వంతు తోడి కరివేపాకు చెట్టుకు పోసి, అప్పుడు కొత్తవి కలపాలి. వానాకాలంలో డాబా నీళ్లు పట్టుకోగలిగితే ఇంకా మంచిది.

మా కుళాయి నీళ్లది ఇంకో కథ. ఒక ఎండాకాలం సాయంత్రం హడావిడిలో గొట్టం నేరుగా కొలనులో పెట్టి సగం నింపాను. తెల్లారేసరికి పదకొండు మోలీలు వెల్లకిలా ఉన్నాయి. నీళ్లలో క్లోరిన్ ఉంటుందని నాకు తెలియక కాదు, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. కుళాయి నీటిని వేరే తొట్టిలో ఒకటి రెండు రోజులు ఎండకు ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే రొయ్యల దుకాణాల్లో దొరికే సోడియం థయోసల్ఫేటు కొద్దిగా కలిపినా పోతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, కాని భూమి లోపలి నుంచి వచ్చే నీటిలో ప్రాణవాయువు తక్కువ. పైనుంచి ధారగా పడేలా పోయాలి, ఒక రోజు నిలవ ఉంచితే మరీ మంచిది. మా కుళాయి నీరు మెత్తన కాబట్టి నేను మన కాలువల్లో దొరికే పరిగెల్లాంటి చిన్న చేపలను పెంచుతాను. రంగులు తక్కువే, పొద్దుటి ఎండలో వెండి ముక్కల్లా తిరుగుతాయి, ఎండకూ వానకూ ఓర్చుకుంటాయి. అలంకార చేపల దుకాణదారుడు నన్ను చూసి జాలిపడతాడు.

పిన్ని వాళ్ల ఉప్పు నీటికి తగినది మోలీ. నెమ్మదిగా అలవాటు చేస్తే అది సముద్రపు నీటిలో కూడా బతుకుతుంది. నెమ్మదిగా అన్నది ముఖ్యం, మంచినీటి నుంచి తెచ్చిన రోజే వదలకూడదు. రోజుకు కాస్త చొప్పున వారం పాటు ఆ నీళ్లు కలుపుతూ పోవాలి. కలువ మాత్రం ఉప్పుకు ఆగదు. పిన్ని కలువను వాననీళ్ల గోలెంలో వేరుగా పెంచుకుంటుంది.

కొరమీను పెంచుకుందామా అని అడిగేవాళ్లు నెల్లూరులో ప్రతి పెళ్లిలో ఒకరుంటారు, అడిగేటప్పుడే వాళ్ల నోట పులుసు రుచి తెలుస్తుంటుంది. అది పైకొచ్చి గాలి పీల్చే చేప కాబట్టి మురికి నీటిలోనూ చావదు. కాని పక్కనున్న ప్రతి చేపనూ మింగుతుంది, వాన రాత్రి అంచు దూకి వీధిలోకి పోతుంది. పెంచితే అది ఒక్కటే, పైన వల కట్టి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ జోలికి పోకండి, అది మన దేశంలో నిషేధించిన జాతి. తిలాపియా ఉప్పుకూ మురికికీ ఓర్చుకుంటుంది నిజమే, ఏడాదిలో కొలనంతా అదే అవుతుంది. దోమల కోసమని గంబూసియా వేయమంటారు. 1928లో మన దేశానికి తెచ్చిన ఆ చేప దోమపిల్లలతో పాటు కప్పగుడ్లనూ తోకకప్పలనూ తింటుంది, పక్క చేపల రెక్కలు కొరుకుతుంది. ఇంటి కొలనులో దోమలకు నాలుగు గప్పీలు చాలు. తాబేలు సంగతి అడగనే వద్దు. పొలం గట్టున దొరికిన తాబేలును తెచ్చి తొట్టిలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. లక్ష్మీప్రదమని ఎవరు చెప్పినా అంతే.

రాత్రి మూడు గంటల పరీక్ష

పంపు కొనాలా, గాలి యంత్రం కొనాలా, మొక్కలతోనే సరిపెట్టాలా? ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పగలు మొక్కలు, నాచు ఎండలో ప్రాణవాయువును వదులుతాయి. పొద్దు గూకగానే అవి కూడా చేపల్లాగే దాన్ని పీల్చుకుంటాయి. రాత్రంతా అందరూ పీల్చేవాళ్లే, ఇచ్చేవాళ్లుండరు. కాబట్టి నీటిలో ఊపిరి అన్నిటికంటే తగ్గేది తెల్లవారే ముందు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆకలి అనుకుని మేత వేస్తారు కొందరు. అది ఊపిరాడని కేక. రొయ్యల రైతులు అర్ధరాత్రి ఏరియేటర్ల (నీటికి గాలి ఎక్కించే యంత్రాల) దగ్గర కాపలా కాసేది ఇందుకే, మన ఇంటి గుంటకూ అదే లెక్క.

ఈ సంగతి తెలిశాక సోలార్ ఫౌంటెన్ ఎందుకు కొనకూడదో అర్థమవుతుంది. బ్యాటరీ లేనిదైతే అది పగలే చిమ్ముతుంది. పగలు మొక్కలే ఆ పని చేస్తున్నాయి. అవసరమైన వేళకు అది నిద్రపోతుంది. చూడముచ్చటకైతే కొనండి, చేపల కోసమైతే వద్దు. 20 వాట్ల చిన్న పంపు రోజంతా నడిచినా నెలకు పద్నాలుగున్నర యూనిట్లే కాలుస్తుంది. నీళ్లను పైకి తీసి ఒక బకెట్‌లోని ఇటుక ముక్కలు, పాత వల తుంపుల మీదుగా తిరిగి ధారగా పోస్తే ఫిల్టరు, గాలి రెండూ అయినట్టే. అక్వేరియంలో వాడే చిన్న గాలి పంపు ఇంకా తక్కువ కాలుస్తుంది, ఇన్వర్టర్ మీద రాత్రంతా నడుస్తుంది. కరెంటు కోతలున్న ఊరికి నా ఓటు గాలి పంపుకే, అది కూడా సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. యంత్రమేదీ వద్దనుకుంటే ఒక దారి ఉంది. చేపలు తక్కువ వేయండి. 1,700 లీటర్లలో పరిగెలూ గప్పీలూ కలిపి నలభై లోపే ఉంటే, నీడ ఉంటే, యంత్రం లేకుండా వేసవి గట్టెక్కుతుంది. మా కొలను అలాగే నడుస్తోంది. గప్పీలు మాత్రం పెట్టుకున్న లెక్కలో ఉండవు, ఎక్కువైనవి పంచిపెడుతూ ఉండాలి.

ఫిల్టరు ఇటుకలను కుళాయి కింద తళతళలాడేలా కడగకండి. చేప వదిలే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది మొక్కకు ఎరువు. ఆ బ్యాక్టీరియా కాపురముండేది ఆ ఇటుకల జిగటలోనే. కొలను నీళ్లలోనే రెండుసార్లు ముంచి తీస్తే చాలు. కొత్త కొలనులో అవి కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆలోగా అయిదారు చేపలకు మించి వేయకండి. అక్క వాళ్లలా పీహెచ్ ఎక్కువున్న నీళ్లయితే ఇంకా జాగ్రత్త. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అంతే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పదింతలవుతుంది.

మొక్కల్లో కలువా తామరా అంటే చిన్న కొలనుకు కలువే. తామర దుంప ఒక్క ఏడాదిలో తొట్టిని ఆక్రమిస్తుంది. నీటిపై తేలే అంతరతామర నీడకు మంచిది, వారానికోసారి సగం తీసి పారేయగల ఓపిక ఉంటేనే. గుర్రపుడెక్కను గేటు దాటి లోపలికి రానివ్వకండి. నీటిపైన సగానికి మించి ఆకు కమ్మకుండా చూసుకుంటే చాలు.

మేత విషయంలో మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక ప్రలోభం ఉంది. చుట్టాల్లో ఎవరికో రొయ్యల గుంట ఉంటుంది, సంచి అడుగున మిగిలిన మేత ఊరికే ఇస్తారు. అది అడుక్కి మునిగే మేత, మాంసకృత్తులు ఎక్కువ. చేపలు తినని ప్రతి గుళికా అమ్మోనియా అవుతుంది. గుడి కోనేటిలో వేసినట్టు బొరుగులు వేయడమూ అంతే. తేలే చిన్న గుళికలు, మూడు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత మాత్రమే, రోజుకోసారి. ఊరెళ్లేటప్పుడు పక్కింటివాళ్లకు మేత డబ్బా అప్పగించకండి. వారం పస్తుతో ఏ చేపా చావదు, పక్కింటివాళ్ల ప్రేమతో చాలా చచ్చాయి.

వానలు, వచ్చిపోయేవాళ్లు

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానులతో కలిసి వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. పొర్లిన ప్రతి కొలనులోంచీ చేపలు కాలువ పాలవుతాయి. పోయినందుకు కాదు బాధ, పరాయి దేశపు చేప చెరువులో పడి పెరగడమే అసలు ప్రమాదం. అంచుకు నాలుగు అంగుళాల కింద ఒక పైపు పెట్టి దాని నోటికి సన్నని వల కట్టండి, పొర్లడం ఆగుతుంది. వరద నీరే లోపలికి వచ్చేంత పల్లంలో ఇల్లున్నవాళ్లు మన కాలువ చేపలే పెంచుకోవడం న్యాయం.

లకుముకి పిట్ట రోజూ వస్తుంది, గుడ్డికొంగ అప్పుడప్పుడూ. పక్షుల కేంద్రం ఉన్న నేలపట్టు వైపు ఇళ్లున్నవాళ్లకు ఈ విషయంలో నా సానుభూతి. చేపలు దాక్కోవడానికి అడుగున రెండు కుండపెంకులు, ఒక పైపు ముక్క వేస్తే నష్టం సగానికి తగ్గుతుంది. నీరుకట్టె పాము కనిపిస్తే కర్ర అందుకోకండి, దానికి విషం లేదు. నిటారు గోడలున్న తొట్టిలో ఒక మూల ఇటుకలు మెట్లుగా పేర్చండి. నీళ్లు తాగబోయి జారిపడిన ఉడుత, తొండ ఎక్కి పోతాయి. ఆ మెట్ల మీదనే మా కప్పలు కూర్చుంటాయి, వాటిని మేము తేలేదు.

పని మొదలుపెట్టే సమయం నా లెక్కలో సంక్రాంతి వెళ్లిన వారం. వానలు తగ్గిపోయి ఉంటాయి, సిమెంటు సున్నం వదలడానికి ఫిబ్రవరి ఉంది, ఉగాదికి కలువ వేరు పడుతుంది, చేపలు ఎండ ముదిరేలోపు అలవాటుపడతాయి. అప్పటిదాకా ఆగలేకపోతే ఆషాఢంలో వరలతో మొదలుపెట్టవచ్చు. మే నెలలోనైతే ఏమీ తవ్వకండి, ఏమీ కొనకండి. ఒక సుద్దముక్క తీసుకుని పదకొండింటికి, రెండింటికి, నాలుగింటికి పెరట్లో నీడ అంచు ఎక్కడుందో గీత గీయండి. మూడు గీతలకూ లోపల ఆరడుగుల చోటు మిగిలితే, మేస్త్రితోనో వరలవాళ్లతోనో మాట్లాడటానికి మీ దగ్గర సరుకు ఉన్నట్టే.